వాన ఎవరి చేతిలో ఉంది? హెబ్రీ లేఖనాల్లో ప్రకృతి మీద దేవుని అధికారం

గోధుమ కోతలు సాగుతున్న రోజుల్లో ముసలి ప్రవక్త సమూయేలు జనాన్ని పోగుచేస్తాడు. తాను ప్రార్థిస్తే ఇప్పుడే ఉరుములతో వాన పడుతుందని, రాజు కావాలని పట్టుబట్టి ఎంత తప్పు చేశారో అప్పుడు మీకే తెలుస్తుందని అంటాడు. అన్నట్టే ఆ రోజే వాన కురుస్తుంది. జనం హడలిపోయి, మేం చావకుండా మా కోసం ప్రార్థించు అని కాళ్లావేళ్లా పడతారు. మొదటి సమూయేలు గ్రంథం 12వ అధ్యాయంలో ఉన్న సంగతి ఇది.

వాన పడితే ఇంత భయం ఎందుకో మనకి వెంటనే ఎక్కదు. ఎండలు మండే మే నెలాఖరులో నాలుగు చినుకులు రాలితే మన దగ్గర పిల్లలు వీధిలోకి పరిగెడతారు, రైతు విత్తనాల సంగతి చూసుకుంటాడు. ఇశ్రాయేలు దేశంలో సరిగ్గా ఆ రోజుల్లోనే గోధుమ కోతకొస్తుంది. ఏప్రిల్‌తో అక్కడ వానలు ఆగిపోతాయి, మళ్లీ అక్టోబరు దాకా దాదాపు చుక్క రాలదు. పనలు చేలో ఉండగా తుఫాను హెచ్చరిక విన్న కోనసీమ రైతు గుండె ఎలా ఉంటుందో వాళ్లకీ అలాగే అయింది. పైగా అక్కడ ఆ నెలల్లో వాన పడటమే చాలా అరుదు. ఆకాశం తన పద్ధతి తప్పిందంటే, ఆ పద్ధతి పెట్టినవాడే కల్పించుకున్నాడని వాళ్లకి అనిపించింది.

హెబ్రీ లేఖనాలంటే యూదుల తనఖ్, క్రైస్తవులు పాత నిబంధన అని పిలుచుకునే గ్రంథాలు. వాటిలో ప్రకృతి మీద దేవుడి అధికారం అనగానే ఎర్ర సముద్రం రెండుగా చీలడం, యెహోషువ మాటకి సూర్యుడు నిలిచిపోవడం గుర్తొస్తాయి. గొప్ప ఘట్టాలే. అయితే ఆ గ్రంథాలు పదేపదే తగువు పెట్టుకునేది ఇలాంటి అద్భుతాల దగ్గర కంటే, ఏటా పడాల్సిన మామూలు వాన దగ్గరే అని నేను అనుకుంటాను. ఆ వానని పట్టుకుని చదివితే, ఈ విషయంలో లేఖనాలు అన్నీ ఒకే మాట చెప్పడం లేదని కూడా తెలుస్తుంది.

ముందు నేల సంగతి చూడాలి. జెరూసలేములో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అక్కడి నుంచి దక్షిణంగా వంద కిలోమీటర్ల లోపే ఉన్న బెయేర్షెబాలో అది 200 దగ్గరికి పడిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో వచ్చే తొలకరి గట్టిపడిన నేలని దుక్కికి మెత్తబరుస్తుంది. మార్చి, ఏప్రిల్ కడవరి వాన గింజ పాలు పోసుకోవడానికి కావాలి. రెండింట్లో ఏది ఎగ్గొట్టినా ఇంట్లో తిండి ఉండదు. నది నీళ్లు పెట్టుకుందామంటే, ఉన్న పెద్ద నది యొర్దాను చాలామేర సముద్ర మట్టానికి రెండు వందల మీటర్లకి పైగా దిగువన, లోతైన లోయలో పారుతుంది. జనం ఉన్నది కొండల మీద. ఆ నీటిని పైకి ఎక్కించే దారి ఆ కాలంలో లేదు.

ఈ తేడాని ద్వితీయోపదేశకాండం 11వ అధ్యాయం తేటగా చెబుతుంది. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, మీరు విత్తనాలు వేసి, కూరల మడికి పెట్టుకున్నట్టు కాలితో నీళ్లు పెట్టుకునేవారు, ఇప్పుడు పోతున్న దేశం ఆకాశం నుంచి పడే వాననే తాగుతుంది అంటుంది. నైలు నది ఒడ్డున బతికేవాడికి నీరు కళ్ల ముందు కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని కాలవలకి మళ్లించుకోవడమే పని. యూదయ కొండల మీద రైతు మాత్రం పడమటి దిక్కుకి తల ఎత్తి చూడాల్సిందే. 1908లో గెజెరు అనే పాత ఊరి తవ్వకాల్లో అరచేతిలో పట్టేంత సున్నపురాయి పలక ఒకటి దొరికింది. క్రీ.పూ. 10వ శతాబ్దం నాటిదని అంచనా. రెండు నెలలు పంట చేర్చుకోవడం, రెండు నెలలు విత్తడం, రెండు నెలలు ఆలస్యపు విత్తనం, ఒక నెల యవల కోత అంటూ ఏడాదంతా పొలం పనుల లెక్కలోనే రాశారు. అలా పొలం పనులతో కాలం లెక్కపెట్టుకునే మనుషులకి వాన ఎవరిస్తారన్నది అన్నం ఎవరు పెడతారన్నంత సూటి ప్రశ్న.

ఆ ప్రశ్నకి ఆ చుట్టుపక్కల అప్పటికే ఒక జవాబు ఉంది. బయలు అనే దేవుడు ఇస్తాడు.

బయలు గురించి చాలాకాలం మనకి తెలిసింది ఆయన్ని తిట్టిన లేఖనాల వల్లే. 1928లో సిరియా తీరాన ఒక రైతు నాగలికి ఒక పాత సమాధి రాయి తగిలింది. మరుసటి ఏడు క్లాడ్ షేఫర్ నాయకత్వంలో తవ్వకాలు మొదలై, పక్కనే ఉన్న రాస్ షమ్రా దిబ్బలో ఉగారితు నగరం బయటపడింది. క్రీ.పూ. 12వ శతాబ్దం మొదట్లో నాశనమైన ఊరు అది. అక్కడి మట్టి పలకల మీద బయలు కథ ఆయన భక్తులు రాసుకున్న తీరులోనే దొరికింది. ఆయన మేఘాల మీద స్వారీ చేసేవాడు. సముద్ర దేవుడు యమ్‌ని రెండు గదలతో ఓడించి రాజవుతాడు. తర్వాత మృత్యుదేవుడు మోతు ఆయన్ని మింగేస్తాడు, పొలాల చాళ్లు ఎండిపోతాయి. మళ్లీ బయలు బతికొచ్చే ముందు ఆకాశం నూనె కురుస్తున్నట్టు, వాగుల్లో తేనె పారుతున్నట్టు పెద్ద దేవుడు ఏల్‌కి కల వస్తుంది. ఉగారితులోనే దొరికిన ఒక రాతి పలక మీద బయలు ఒక చేత్తో గద ఎత్తి, ఇంకో చేత్తో మెరుపు లాంటి ఈటెను నేలకి గుచ్చి నిలబడి ఉంటాడు. ప్రస్తుతం అది పారిస్‌లోని లూవ్ర మ్యూజియంలో ఉంది.

ఈ కథని వేళాకోళంగా చూడటం నాకు నచ్చదు. వేసవిలో పచ్చదనమంతా చచ్చిపోయి, వానతో మళ్లీ బతకడాన్ని ఏటా చూసే మనుషులు అల్లుకున్న ఆలోచన అది. ఇశ్రాయేలు రైతుకి అది పరాయిగా అనిపించలేదు కాబట్టే ప్రవక్తలు అంతగా గొంతు చించుకోవాల్సి వచ్చింది. ధాన్యం, ద్రాక్షారసం, నూనె ఇచ్చింది నేనేనని ఆమెకి తెలియలేదు అని హోషేయ గ్రంథంలో ఇశ్రాయేలుని భార్యతో పోలుస్తూ దేవుడు వాపోతాడు. పంట మాత్రం ఇంటికొచ్చింది, దండం ఇంకొకరికి వెళ్లింది.

ఏలీయా ప్రవక్త కథని ఈ వెలుగులో చదివితే దాని పదును తెలుస్తుంది. క్రీ.పూ. 9వ శతాబ్దంలో అహాబు ఉత్తర ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనులో రాజు. ఇతను కథలో మాత్రమే ఉన్న మనిషి కాదు. క్రీ.పూ. 853లో కర్కరు యుద్ధంలో తనని ఎదిరించిన రాజుల జాబితాలో అష్షూరు రాజు మూడవ షల్మనేసెరు అతని పేరు చెక్కించాడు. అహాబు భార్య యెజెబెలు సీదోను రాజు కూతురు, బయలు పూజని వెంట తెచ్చుకున్న మనిషి. ఆ రాజు ముందుకొచ్చి ఏలీయా, నేను చెబితే తప్ప ఈ ఏళ్లలో వాన గానీ మంచు గానీ పడదు అంటాడు. మంచు మాట ఊరికే రాలేదు. చుక్క వాన లేని ఆ వేసవి నెలల్లో ద్రాక్ష, పుచ్చ లాంటివాటికి రాత్రి కురిసే మంచే తడి. ఉగారితు పలకల్లో కూడా దానేలు అనే పెద్దమనిషి, అతని కొడుకు హతమైన కథలో, బయలు ఏళ్ల తరబడి రాకుండుగాక, మంచు లేదు, వాన లేదు, బయలు గొంతు వినబడదు అని శపిస్తాడు. ఏలీయా శాపం ఆ మాటలకి ఎంత దగ్గరగా ఉందో చూడండి. బయలు ఇవ్వగలడని నమ్మిన రెండింటినీ ఏలీయా ఇశ్రాయేలు దేవుడు యెహోవా పేరుతో ఆపించాడు.

కరువు మధ్యలో ఏలీయా వెళ్లి తలదాచుకున్నది సారెపతులో. అది సీదోను ప్రాంతం, బయలు సొంత గడ్డ. అక్కడ ఒక విధవరాలు ఆఖరి గుప్పెడు పిండితో రొట్టె చేసుకుని, కొడుకుతో కలిసి తిని చనిపోదామని పుల్లలు ఏరుకుంటూ కనబడుతుంది. వానలు మళ్లీ పడేదాకా ఆమె తొట్టిలో పిండి, బుడ్డిలో నూనె తరగలేదని కథ చెబుతుంది. తర్వాత కర్మెలు కొండ మీద పోటీ. బయలు ప్రవక్తలు 450 మంది, ఇటు ఏలీయా ఒక్కడు. ఆకాశం నుంచి నిప్పు దింపినవాడే దేవుడని పందెం. మెరుపు చేతపట్టిన దేవుడికి ఇంతకంటే అనుకూలమైన పోటీ లేదు. వాళ్లు పొద్దుటి నుంచి కేకలు పెట్టి, కత్తులతో కోసుకున్నా ఏమీ జరగదు. ఏలీయా నాలుగు తొట్ల నీళ్లు మూడుసార్లు, మొత్తం పన్నెండు తొట్లు, కట్టెల మీద పోయిస్తాడు. కరువులో నీళ్లని అలా పారబోయడం చూసిన జనానికి ఊపిరి ఆగిపోయి ఉంటుంది. నిప్పు దిగి కట్టెల్ని, రాళ్లని, కందకంలో నీళ్లని కాల్చేస్తుంది.

చాలామంది కథని ఇక్కడే ఆపేస్తారు. అసలు తీర్పు మాత్రం ఆ తర్వాతే వస్తుంది. ఏలీయా కొండ కొమ్ము మీద తల మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుని, కుర్రాణ్ణి సముద్రం వైపు చూసి రమ్మంటాడు. ఆరుసార్లు ఏమీ లేదు. ఏడోసారి సముద్రం మీంచి మనిషి చెయ్యంత చిన్న మబ్బు లేస్తోందంటాడు కుర్రాడు. అక్కడ వాన వచ్చేది పడమటి నుంచి, మధ్యధరా సముద్రం మీంచే. కథ చెప్పినవాడికి వాన వచ్చే తోవ బాగా తెలుసు. నిప్పు గబుక్కున దిగింది గానీ, వాన మామూలుగా వచ్చే దారిలోనే, దాని సమయం తీసుకుని వచ్చింది.

ఇక్కడో ఆసక్తికరమైన సంగతి. క్రీ.శ. 1వ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్, మెనాందర్ అనే గ్రీకు రచయితని ఉటంకిస్తూ, తూరు రాజు ఇతోబాలు కాలంలో ఒక ఏడాది వాన లేకపోయిందని, ఆ రాజు వేడుకోలు చేస్తే పెద్ద ఉరుములు వచ్చాయని రాశాడు. లేఖనాలు సీదోనీయుల రాజు అని పిలిచిన యెజెబెలు తండ్రి ఈ ఇతోబాలే. ఒకే కరువు, రెండు దేశాల జ్ఞాపకాలు. వాన తెచ్చిన ఘనత ఎవరిదన్నదే తేడా. కర్మెలు మీద తగువు ఎంత నిజమైనదో ఈ చిన్న వాక్యం వల్ల తెలుస్తుంది.

గెలిచాక యెహోవాని కూడా ఇంకో మెరుపు దేవుడిగా చూసే ప్రమాదం ఉంది కదా. దానికి తర్వాతి అధ్యాయమే అడ్డుకట్ట వేస్తుంది. ప్రాణభయంతో హోరేబు కొండకి పారిపోయిన ఏలీయా ముందు కొండల్ని చీల్చే గాలి వీస్తుంది, భూమి కంపిస్తుంది, నిప్పు వస్తుంది. వాటిలో దేవుడు లేడు. ఆ తర్వాత సన్నని, మెల్లని స్వరం వినబడుతుంది. గాలినీ నిప్పునీ ఏలేవాడు గానీ, గాలీ నిప్పూ ఆయన కాదు. కర్మెలుని, హోరేబుని పక్కపక్కనే పెట్టిన సంపాదకుడు ఎవరో గానీ, ఆ మనిషి తెలివికి నేను చేతులెత్తి మొక్కుతాను.

బయలు దగ్గర ఉన్నవన్నీ కవులు ఒక్కొక్కటిగా యెహోవాకి తెచ్చి ఇచ్చారు. 104వ కీర్తనలో మేఘాలు ఆయన రథం. 29వ కీర్తనలో యెహోవా స్వరం ఏడుసార్లు ఉరుముతుంది. నీళ్ల మీద మొదలై, లెబానోను దేవదారుల్ని విరిచి, కాదేషు ఎడారిని వణికిస్తుంది. ఆ దారి చూస్తే సముద్రం నుంచి వచ్చిన గాలివాన కళ్ల ముందు కదులుతుంది. అది మొదట బయలు మీద పాడిన పాటే కావచ్చని 1930ల్లోనే పండితులు సూచించారు. అది నిరూపించలేని మాట, అయినా పోలిక కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

సముద్రం దగ్గర మాత్రం లేఖనాలు ఒక్క తీరున మాట్లాడవు. 74వ కీర్తనలో దేవుడు సముద్రాన్ని చీల్చి, లెవియాతాను అనే సముద్ర రాక్షసి తలల్ని చితకగొడతాడు. ఉగారితు యుద్ధం ఛాయలు స్పష్టంగా ఉన్నాయి. ఆలయం బూడిదైన దుఃఖంలో, అప్పుడు అంత చేసినవాడివి ఇప్పుడు ఊరుకున్నావేం అని నిలదీసే పాట అది. ఆదికాండం మొదటి అధ్యాయానికి వస్తే యుద్ధం జాడే లేదు. బబులోను సృష్టి కావ్యంలో మర్దూకు సముద్ర దేవత తియామతుని చంపి, ఆమె శరీరాన్ని రెండుగా చీల్చి ఆకాశం చేస్తాడు. ఆదికాండంలో నీళ్లు ఒక చోటికి చేరాలి అంటే చేరతాయి. సూర్యచంద్రులు రెండు దీపాలు మాత్రమే, పూజలందుకునే హోదా వాటికి లేదు. 104వ కీర్తనకి వచ్చేసరికి ఆ భయంకరమైన లెవియాతాను సముద్రంలో ఆడుకోవడానికి దేవుడు చేసిన ప్రాణి అయిపోయింది.

యిర్మీయా 5వ అధ్యాయంలో సముద్రానికి హద్దుగా దేవుడు పెట్టింది ఇసుక. అలలు ఎంత పొర్లినా దాన్ని దాటలేవంటాడు ప్రవక్త. జలప్రళయం తర్వాత విత్తనకాలం, కోతకాలం, చలి, వేడి, పగలు, రాత్రి ఆగవని దేవుడు మాట ఇస్తాడు. పగలు, రాత్రితో నేను చేసుకున్న ఒప్పందాన్ని ఎవరూ చెరపలేనట్టే దావీదు రాజుకి ఇచ్చిన మాట కూడా చెరగదు అని యిర్మీయా 33వ అధ్యాయంలో అంటాడు. ఇష్టమొచ్చినట్టు తిప్పగలిగినవాడు తానే ఒక కట్టుబాటులో ఉంటానన్నాడు. రేపు పొద్దు పొడుస్తుందన్న నమ్మకమే దేవుడి మాటకి సాక్ష్యం అయింది. అద్భుతాల కంటే ఈ క్రమమే నన్ను ఎక్కువ కదిలిస్తుంది.

చిక్కు వానని మనిషి నడతకి కట్టినప్పుడు మొదలవుతుంది. ద్వితీయోపదేశకాండం 11వ అధ్యాయం సూటిగా చెబుతుంది: ఆజ్ఞలు వింటే తొలకరి, కడవరి వానలు వేళకి పడతాయి, వేరే దేవుళ్ల వెంట పడితే ఆకాశం మూసుకుంటుంది. ఆమోసు ప్రవక్త ఇంకా కటువుగా, ఒక ఊరికి వాన ఇచ్చి ఇంకో ఊరికి ఆపానని, అయినా మీరు తిరిగి రాలేదని దేవుడి నోట చెప్పిస్తాడు. ఈ మాటలు ఎవరితో అన్నారో గమనించాలి. ఆమోసు తిడుతున్నది పేదల్ని నలగ్గొట్టి దంతపు మంచాల మీద పడుకునే షోమ్రోను పెద్దల్ని. ప్రవక్త తన సొంత జనాన్ని, అందులోనూ బలిసినవాళ్లని నిలదీయడానికి కరువుని చూపించాడు. వరదలో కొట్టుకుపోయిన పక్క ఊరివాళ్లని చూపించి, వాళ్ల పాపం పండింది అనలేదు.

యిర్మీయా 14వ అధ్యాయంలోని కరువు వర్ణన చదివితే ఆ తేడా ఇంకా తెలుస్తుంది. పెద్దలు పిల్లల్ని నీళ్లకి పంపితే, వాళ్లు గుంటల్లో నీళ్లు లేక ఖాళీ కుండలతో, సిగ్గుతో తలలు కప్పుకుని తిరిగొస్తారు. నేల పగిలిపోయింది. అడవిలో లేడి ఈని, గడ్డి లేక పిల్లని వదిలేసి పోతుంది. అడవి గాడిదలు బోడి మెట్టల మీద నిలబడి గాలి కోసం రొప్పుతాయి, మేత లేక వాటి కళ్లు మసకబారతాయి. ఆ లేడి ఏ ఆజ్ఞ మీరింది? ప్రవక్త ఆ ప్రశ్న అడగడు గానీ, దాన్ని తీసుకొచ్చి మన కళ్ల ముందు పెడతాడు. శిక్ష అని నమ్మిన మనిషే ఇంత దుఃఖంతో రాశాడు.

నేల విషయంలోనూ ఇదే పట్టు. లేవీయకాండం 25వ అధ్యాయంలో, భూమి నాది, మీరు నా దగ్గర ఉంటున్న పరదేశులు అని దేవుడు అంటాడు. ఏడో ఏట పొలాన్ని బీడు పెట్టాలి. దానంతట అది మొలిచింది దాసులకి, కూలివాళ్లకి, పశువులకి, అడవి జంతువులకి కూడా. ఆదికాండంలో మనిషికి ఏలుబడి ఇచ్చారు కాబట్టి పర్యావరణం పాడవడానికి మూలం అక్కడే ఉందని 1967లో లిన్ వైట్ అనే అమెరికా చరిత్రకారుడు రాసిన వ్యాసం మీద ఇప్పటికీ చర్చ నడుస్తూనే ఉంది. ఆ వచనాన్ని చూపించి అడవులు నరికినవాళ్లు ఉన్న మాట నిజం. కానీ లేవీయకాండం లెక్కలో మనిషి కౌలుదారుడే, పట్టా దేవుడి పేరు మీదే ఉంది. ముట్టడిలో సైతం పండ్ల చెట్లని నరకొద్దని ద్వితీయోపదేశకాండం 20వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది.

వానని నడతకి కట్టిన ఆ లెక్కని లోపలి నుంచే ప్రశ్నించిన గ్రంథం యోబు. దివిసీమ ఉప్పెన, 2004 సునామీ లాంటివి వచ్చినప్పుడల్లా ఏ మతంలోనైనా ఎవరో ఒకరు లేచి చనిపోయినవాళ్ల పాపం గురించి మాట్లాడతారు. వాళ్లు యోబుని తెరవరని నాకు కోపం. ఎడారి వైపు నుంచి వచ్చిన పెనుగాలి ఇంటి నాలుగు మూలలా కొట్టి యోబు పిల్లలందరినీ ఒకేసారి చంపేసింది. ఆకాశం నుంచి దిగిన నిప్పు గొర్రెల్ని, కాపరుల్ని కాల్చేసింది. యోబు తప్పేమీ చేయలేదని చదివేవాళ్లకి మొదటి అధ్యాయంలోనే తెలుసు. స్నేహితులకి తెలియదు. వాళ్లు ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నారు, అంతవరకూ బాగానే ఉంది. తర్వాత నోరు తెరిచి, నువ్వేదో చేసి ఉంటావు అని మొదలుపెట్టారు. వాళ్లలో ఎలీఫజు, దేవుడు భూమి మీద వాన కురిపించి పొలాలకి నీళ్లు పంపుతాడని కూడా అంటాడు. నమ్మకస్తుడి మాటే, తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ వాన పొలాల మీద, మనుషుల కోసం పడుతుంది.

38వ అధ్యాయంలో దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు. పిల్లల్ని చంపింది గాలి, జవాబు వచ్చిందీ గాలిలోంచే. అందులో వాన మాట మళ్లీ వస్తుంది. మనుషులు లేని నేల మీద, నరుడు అడుగుపెట్టని ఎడారిలో వాన కురిపించి, పాడుపడిన చోట లేత గడ్డి మొలిపించేది ఎవరు అని దేవుడు అడుగుతాడు. ఎవడి పొలమూ లేని చోట, ఎవడి పుణ్యానికీ పాపానికీ సంబంధం లేని వాన. ఆ తర్వాత వచ్చే జంతువులు కూడా మనిషికి పనికొచ్చేవి కావు. ఊరి గోల చూసి నవ్వే అడవి గాడిద, గుడ్లని ఇసుకలో వదిలేసే నిప్పుకోడి, పిల్లలు ఆకలికి అరిచే కాకి. యుద్ధపు గుర్రం ఒక్కటే మనిషికి తెలిసినది, అది కూడా తన పొగరుకి తానే మురిసిపోతూ ఉంటుంది. ద్వితీయోపదేశకాండంలో వాన మనిషి చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ మనిషే పక్కకి జరిగి నిలబడి చూడాలి. రెండూ ఒకే లేఖనాల్లో ఉన్నాయి, ఒకదాన్ని ఇంకోటి కొట్టేయలేదు.

ఆ గాలి ఎందుకు వీచిందో యోబుకి చివరిదాకా ఎవరూ చెప్పరు. కానీ స్నేహితుల సంగతి మాత్రం తేలుతుంది. నా సేవకుడు యోబు మాట్లాడినట్టు మీరు నన్ను గురించి సరైన మాట మాట్లాడలేదు అని దేవుడు ఎలీఫజు మీద, అతని ఇద్దరు స్నేహితుల మీద మండిపడతాడు. ఏడు ఎద్దులు, ఏడు పొట్టేళ్లు తీసుకుని యోబు దగ్గరికి వెళ్లండి, మీ కోసం అతను ప్రార్థిస్తే వింటాను అంటాడు. దేవుడి తరఫున అన్ని అధ్యాయాలు వాదించిన ఆ ముగ్గురూ తాము తప్పుపట్టిన మనిషి దగ్గరికే పశువుల్ని తోలుకుని వెళ్లారు, యోబు వాళ్ల కోసం ప్రార్థించాడు.